మహారాజశ్రీ తొమ్మిది నెలల లీజు గారికి

మహారాజశ్రీ తొమ్మిది నెలల లీజు గారికి, శాన్ డియాగో నగరపు మిషన్ బీచ్‌లోని తమ విద్యార్థి అద్దెదారులు నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. బట్టల అలమారులో బూజు ఇంకా క్షేమం. తమరు సెప్టెంబరు నుంచి మే చివరిదాకా మా డబ్బుతో క్షేమంగా ఉంటారనీ, జూన్ రాగానే మమ్మల్ని వీధిలో నిలబెట్టి మరింత క్షేమంగా ఉంటారనీ మాకు తెలుసు.

నవమాసాలు మోయడమంటే మన తెలుగువాళ్ళకి గౌరవం ఎక్కువ. తమరి పేరు వినగానే చేతులు వాటంతటవే జోడుపడతాయి. కాకపోతే తల్లి మోసి కంటుంది. తమరి దగ్గర మోసేదీ మేమే, నెలలు నిండాక బయటపడేదీ మేమే.

తమరిని ఎరగనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. శాన్ డియాగోలో లిండా విస్టా గుట్ట మీద 180 ఎకరాల్లో యూనివర్సిటీ ఆఫ్ శాన్ డియాగో ఉంది. 1949లో చార్టర్ వచ్చింది. బిషప్ చార్లెస్ బడ్డీ, సేక్రెడ్ హార్ట్ అనే క్యాథలిక్ సన్యాసినుల సభకు చెందిన మదర్ రోసలీ హిల్ కలిసి తలపెట్టిన పని అది. ఆడపిల్లల కాలేజీ, మగపిల్లల కాలేజీ చాలాకాలం వేరు కుంపట్లుగా నడిచి 1972లో ఒక్కటయ్యాయి. కట్టడాలన్నీ పదహారో శతాబ్దపు స్పెయిన్ తరహావి. ఇమ్మాకులాటా చర్చి నీలి గుమ్మటం, కింద రోడ్డు మీద పోయేవాళ్ళకి కూడా కనబడుతుంది. ముందు అందం మనిషిని రప్పిస్తుంది, వచ్చాక సత్యం దొరుకుతుంది అన్నది మదర్ హిల్ నమ్మకం. ఆవిడ గుట్ట మీది భవనాలని తలుచుకుని అన్న మాట తమరికి అతికినట్టు సరిపోయింది. ముందు కిటికీలోంచి పసిఫిక్ కనబడుతుంది. సత్యం నవంబరులో, మంచం వెనక గోడ మీద, నల్లటి చుక్కలుగా కనబడుతుంది.

డిగ్రీ విద్యార్థులు మొత్తం ఆరు వేల లోపే. మొదటి రెండేళ్ళు క్యాంపస్‌లోనే ఉండాలని నియమం, ఊళ్ళోనే ఇల్లున్నవాళ్ళకి తప్ప. ఆ రెండేళ్ళూ మహర్ హాల్, మిషన్స్, ఆల్కలా విస్టాస్ హాస్టళ్ళ కిటికీల్లోంచి దూరంగా మిషన్ బే నీళ్ళు మెరుస్తూ ఊరిస్తాయి. మతశాస్త్రం, తత్వశాస్త్రం, నీతిశాస్త్రం అందరూ చదవాల్సిందే కాబట్టి ఆశ పాపమని పుస్తకంలో తెలుసుకుంటారు. మూడో ఏడాది కోసం తమరి మీద సంతకం పెడతారు.

తమరి జన్మరహస్యం వ్యవసాయం తెలిసినవాడికి ఇట్టే అర్థమవుతుంది. మిషన్ బీచ్ ఇల్లు రెండు పంటల భూమి. మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు తొలి సోమవారం లేబర్ డే దాకా ఖరీఫ్. ఆరిజోనా ఎండకి తాళలేక దిగే కుటుంబాలు రాత్రికింత, వారానికింత అని కడతాయి. స్థానికులు వాళ్ళని ‘జోనీలు’ అని ముద్దుగానో విసుగ్గానో పిలుచుకుంటారు. లేబర్ డే దాటితే రబీ. అంటే మేము. పొలం బీడు పడకుండా వేసే పెసర లాంటివాళ్ళం.

ఈ పంటల పద్ధతికి కాగితం కూడా ఉంది. నెల కన్నా తక్కువ గడువుకి ఇల్లు ఇవ్వాలంటే నగరం ఇచ్చే లైసెన్సు కావాలని 2023 మే 1 నుంచి అమలు. ఏడాదిలో 20 రోజులు మించి ఇల్లు మొత్తం ఇచ్చుకునే లైసెన్సులు మిగతా నగరంలో ఇళ్ళ సంఖ్యలో 1 శాతానికే. మిషన్ బీచ్‌కి మాత్రం ప్రత్యేకంగా 30 శాతం. పదింట మూడిళ్ళు దర్జాగా ఖరీఫ్ వేసుకోవచ్చు. తీరంలో 30 అడుగులకి మించి కట్టకూడదని 1972లోనే ఓటర్లు తీర్మానించారు. పేట చూస్తేనేమో ఒక పక్క సముద్రం, ఇంకో పక్క బే, మధ్యలో రెండు మైళ్ళ ఇసుక నాలుక. నేల పెరగదు, మేడ పెరగదు. తమరు మాత్రం ఏటేటా పెరుగుతూ ఉంటారు.

ఇంటి అడ్రసులో ‘కోర్టు’ అని చూసి ఊళ్ళో అమ్మమ్మలు కంగారు పడతారు. కార్లు వెళ్ళని నడకదారిని ఇక్కడ కోర్టు అంటారు. అటూ ఇటూ ఇళ్ళు, ఓ కొసన నీళ్ళు. కారు వెనక సందులోంచి రావాలి. దక్షిణాన అవలాన్, బాల్బోవా లాంటివాటి నుంచి ఉత్తరాన జాంజిబార్ దాకా పేర్లు ఇంగ్లిషు అక్షరాల వరసలో ఉంటాయి కాబట్టి రాత్రి ఒంటిగంటకి కూడా దారి తప్పడం కష్టం. కోర్టు మెట్లెక్కొద్దని పెద్దలు చెప్పారు. ఇక్కడ కాపురమే కోర్టులో.

ఇక తమరి సంతకాల ముహూర్తం. వచ్చే సెప్టెంబరులో దిగబోయే ఇంటికి ఈ శీతాకాలం ముగిసేలోపే ఆరుగురు కుదరాలి. రెండో ఏడాది పిల్లలు, పరిచయమై రెండు నెలలైనవాళ్ళు, పెళ్ళిచూపులు కూడా లేకుండా ఉమ్మడి కాపురానికి సిద్ధమైపోతారు. అందులో ఒక జంట ఉంటుంది. మార్చికల్లా విడిపోతుంది. తమరి కాగితం మీద మాత్రం ఇద్దరి పేర్లూ పక్కపక్కనే, శిలాశాసనంలా.

ఆ కాగితంలో ఒక వాక్యం ఉంటుంది: అద్దెదారులందరూ ‘జాయింట్‌లీ అండ్ సెవరల్లీ’ బాధ్యులు. తెలుగులో చెప్పాలంటే, ఎవడు ఎగ్గొట్టినా మిగతావాళ్ళ పీకకే. నెలకి 6,000 డాలర్లు, ఆరుగురు, తలా వెయ్యి అనుకుందాం. ఒకడు క్రిస్మస్‌కి ఇంటికెళ్ళి తిరిగి రాకపోతే ఐదుగురికీ తలా 1,200. ‘నా వాటా నేను కట్టాను’ అన్న మాటకి తమరి దగ్గర చిల్లిగవ్వ విలువ లేదు. యజమాని ఆరుగురిలో డబ్బున్నవాడిని ఒక్కడినే పట్టుకుని మొత్తం అడగొచ్చు. క్రెడిట్ స్కోరు లేని పిల్లలకి, అందులోనూ హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో నేరుగా వచ్చినవాళ్ళకి, హామీదారు సంతకం అడుగుతారు. డల్లాస్‌లో ఉన్న బాబాయి మొహమాటానికి పెట్టేస్తాడు. ఆయన హామీ ఇచ్చింది అబ్బాయి వాటాకా, ఇంటి మొత్తానికా అన్నది హామీపత్రంలో విడిగా రాసి ఉంటుంది. ఎక్కువసార్లు మొత్తానికే. పిన్నికి ఆ సంగతి చెప్పకపోవడమే మంచిది.

తమరి అసలు ప్రతిభ చూడాలంటే మాత్రం జనవరిలో చూడాలి. ఈ విశ్వవిద్యాలయంలో మూడో ఏడాది ఒక సెమిస్టరు విదేశాల్లో చదివి రావడం దాదాపు ఆనవాయితీ. తమరేమో తొమ్మిది నెలలకి తగ్గరు. కాబట్టి ఒకే మంచానికి ఇద్దరు వారసులు కావాలి. సెప్టెంబరులో మాడ్రిడ్ వెళ్ళే అమ్మాయి, జనవరిలో ఫ్లోరెన్స్ వెళ్ళే అమ్మాయి మంచం పంచుకుంటారు. వినడానికి చక్కగా ఉంటుంది. మొదటి సెమిస్టరు డిసెంబరు మూడో వారంలో అయిపోతుంది, రెండోది జనవరి చివర్లో మొదలవుతుంది. నడుమ ఇంటర్‌సెషన్ అని మూడు వారాల చదువు, అది ఇష్టమున్నవాళ్ళకే. మరి జనవరి అద్దె ఎవరిది? వెళ్ళేవాళ్ళు ‘నేను డిసెంబరు 20కే ఖాళీ చేశాగా’ అంటారు. వచ్చేవాళ్ళు ‘నేను 27న కదా దిగింది’ అంటారు. తల్లీదండ్రీ లేని నెల అది. మెసేజీల్లో ప్రేమగా మొదలై, వాళ్ళ వాళ్ళ అమ్మల మధ్య ఫోన్ల దాకా వెళ్తుంది.

తొమ్మిదిని రెండుతో భాగిస్తే నాలుగున్నర. అంచేత సెప్టెంబరులోనే ఒక పేజీ రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టాలి: మొదటివాళ్ళు జనవరి 15 దాకా, తర్వాతివాళ్ళు 16 నుంచి. డిపాజిట్ ఎవరి పేరున ఉంది, పరుపు మీద మరక ఎవరి హయాంలోది, తాళంచెవి ఎవరికి ఇచ్చి వెళ్ళాలి, ఇవీ అందులోనే. ఆ పేజీకి యజమాని రాతపూర్వక ఒప్పుదల జతచెయ్యాలి. లేకపోతే వచ్చిన పిల్ల తమరి దృష్టిలో చుట్టపుచూపుగా దిగిన మనిషి, వెళ్ళిన పిల్ల ఫ్లోరెన్స్‌లో ఉన్నా అద్దెకి బాధ్యురాలు.

సామాన్ల సంగతి. ఖరీఫ్ అతిథుల కోసం అమర్చిన ఇల్లు కాబట్టి అన్నీ ఉంటాయి, కావలసినవి తప్ప. నాలుగు పేజీల జాబితా ఇస్తారు. వైన్ గ్లాసులు పన్నెండు, అన్నం వండే గిన్నె ఒకటి, అదీ మూత లేనిది. గోడకి చెక్క లంగరు, ‘బీచ్’ అని రాసి సముద్రం వైపు బాణం గుర్తు, సముద్రం ఎక్కడుందో తెలియనివాళ్ళ కోసం కాబోలు. గాజు సీసాలో ఇసుక. బయట రెండు మైళ్ళ ఇసుక ఉండగా సీసాలోది మాత్రం జాబితాలో వస్తువు, పగిలితే డిపాజిట్‌లో కోత. ఒక అలమారుకి ఎప్పుడూ తాళం, అది యజమానిది. తెల్ల సోఫా తప్పక ఉంటుంది. పోపు పెట్టే ఇంట్లో తెల్ల సోఫా! దిగిన రోజే దాన్ని పాత దుప్పటిలో చుట్టి తొమ్మిది నెలలు మమ్మీలా కాపాడుకోవాలి. ఎర్రకారం చుక్క పోవచ్చు, పసుపు మరక పోదు.

ఉప్పుగాలి గురించి తమరి షరతుల్లో ఒక్క ముక్క ఉండదు, అసలు యజమాని అదే అయినా. సైకిల్ గొలుసుకి బయట ఉంచిన రెండు వారాల్లో నారింజ రంగు వస్తుంది. వారానికోసారి మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో పూర్తిగా ఆరబెట్టి, మైనం కలిసిన గొలుసు నూనె పట్టించాలి. డబ్ల్యూడీ-40 కొట్టి ఊరుకుంటే తుప్పు వదులుతుంది గానీ ఆ పూత నాలుగు రోజులు కూడా నిలవదు. తాళంకప్ప సంగతీ అంతే. తుప్పు పట్టిన కప్పలో చెవి విరగడం ఎప్పుడూ పరీక్ష రోజు పొద్దున్నే.

ఇసుకకీ ఒక శాస్త్రం ఉంది. తడి ఇసుక అంటుకుంటుంది, పొడి ఇసుక రాలుతుంది. కాబట్టి తువ్వాలు పూర్తిగా ఆరాకే బయట దులపాలి. తడిదాన్ని నేరుగా వాషింగ్ మెషిన్‌లో పడేస్తే ఇసుక అడుగున పంపు దగ్గరి జల్లెడలో చేరి గట్టిపడుతుంది, నీళ్ళు బయటికి పోవు. ముందువైపు తలుపుండే మెషిన్‌కి కింద కుడి మూలన చిన్న మూత ఉంటుంది చాలావాటికి. నెలకోసారి పళ్ళెం పెట్టి, మూత తిప్పి, నీళ్ళు వదిలి, జల్లెడ కడగాలి. పిడికెడు ఇసుక, రెండు పిన్నులు, ఎవరిదో చెవిపోగు వస్తాయి. పెరటి షవర్ దగ్గర కాళ్ళు కడుక్కోకుండా లోపలి బాత్రూములో స్నానం చేస్తే అదే ఇసుక తూములో కూర్చుంటుంది, దాని మీద జుట్టు కూర్చుంటుంది, అందరి మీదా ప్లంబర్ బిల్లు కూర్చుంటుంది.

బూజు రావడానికి బయటి గోడకి ఆనించిన అలమారు, ఒంటి అద్దం కిటికీ, గదిలో ఆరేసిన వెట్‌సూట్ (చల్లటి సముద్రంలో దిగేందుకు వేసుకునే రబ్బరు సూటు), ఈ మూడూ చాలు. అలమారు గోడకి రెండంగుళాలు ఎడంగా ఉండాలి, తలుపు కొద్దిగా తెరిచి ఉంచాలి, స్నానం తర్వాత ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇరవై నిమిషాలు తిరగాలి. కాల్షియం క్లోరైడ్ డబ్బా పెడితే గాలిలో తేమ అందులో నీళ్ళై దిగుతుంది. కొన్ని వారాల్లో నిండుతుంది, పారబోసి మార్చాలి. ఒలికితే మాత్రం తోలు చెప్పులూ, చెక్క నేలా పాడు. వెట్‌సూట్‌ని తిరగేసి, నీడలో, బయటే ఆరెయ్యాలి. రాత్రి బయట మర్చిపోతే పొద్దున్నకి అదే మంచు తడి, అదే చలి, అందులోకే కాలు దూర్చాలి.

చలి అంటే గుర్తొచ్చింది. తమరు ఇచ్చే నెలల పొందిక మెచ్చుకోవాలి. ఈ సముద్రం వేసవి చివర్లో 20 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, జనవరి ఫిబ్రవరిల్లో 14 దగ్గరికి దిగుతుంది. గోరువెచ్చటి నీళ్ళు జోనీలకి, ఐసు నీళ్ళు మాకు. 3/2 మందం (ఒంటికి 3 మిల్లీమీటర్లు, చేతులకీ కాళ్ళకీ 2) వెట్‌సూట్ శరదృతువు దాకా ఆగుతుంది, నడి శీతాకాలంలో 4/3 కావాలి. సెప్టెంబరులో నీళ్ళు వెచ్చగా ఉన్న ఆ కాసిని రోజులూ లోతు తక్కువ చోట ఇసుకలో టేకు చేపలు (స్టింగ్‌రేలు) పడుకుంటాయి. కాలు ఎత్తి వెయ్యకుండా ఈడుస్తూ నడవాలి. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో కాలు ముంచి ఉంచడమే మొదటి మందు, లైఫ్‌గార్డులూ అదే చేస్తారు. డిసెంబరులో సూర్యుడు ఐదు కొట్టకముందే కుంగిపోతాడు. ఐదింటికి క్లాసు అయినవాడు కారు తీసి వచ్చేసరికి బీచ్ అంటే చీకట్లో చప్పుడు. వాన పడిందా, మురుగు కాలవల నీళ్ళు కలుస్తాయి కాబట్టి 72 గంటలు నీళ్ళలో దిగొద్దని కౌంటీ హెచ్చరిక. ఇక్కడ వానలన్నీ దాదాపు తమరి తొమ్మిది నెలల్లోనే. మే వస్తే ‘మే గ్రే’, జూన్‌లో ‘జూన్ గ్లూమ్’ అని సముద్రం మీంచి మబ్బు వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చుంటుంది. మబ్బు విడిచి ఎండ కాసే వేళకి మేము పెట్టెలు సర్దుకుని ఉంటాం. తమరి టైమింగ్‌కి దండం.

కార్ల విషయం చెప్పకపోతే లేఖ అసంపూర్ణం. వెనక సందులో ఇంటికి రెండు కార్ల చోటు ఉంటుంది, ఎక్కువచోట్ల ఒకదాని వెనక ఒకటి. టాండెం అంటారు. లోపలి కారువాడికి ఎనిమిదింటి క్లాసు, బయటి కారువాడు తెల్లవారుజామున పడుకున్నవాడు. తాళంచెవులు తలుపు పక్కన మేకుకి తగిలించి, రేపు ఎవరు ముందు వెళ్తారో రాత్రే పలక మీద రాయడం ఒక్కటే దారి. మిగతా నాలుగు కార్లు మిషన్ బూలెవార్డ్ మీద చోటు కోసం ప్రదక్షిణలు చెయ్యాల్సిందే. సందులో ‘ఒక్క నిమిషమే కదా’ అని ఆపినవాడి కారు లాక్కుపోతారు. వెస్ట్ మిషన్ బే డ్రైవ్, సీ వరల్డ్ డ్రైవ్, ఫ్రీవే దాటాక టెకొలొటే రోడ్డు, మొరేనా, నాపా స్ట్రీట్, లిండా విస్టా రోడ్డు, ఇలా క్యాంపస్ పావుగంట దూరం. అక్కడ పార్కింగ్ వెతుక్కోవడానికి ఇంకో పావుగంట వేసుకోండి. బస్సులో అయితే 8వ నంబరులో ఓల్డ్ టౌన్ దాకా వచ్చి మారాలి.

పార్టీల గురించి తమరు ఒకటిన్నర పేజీ రాసుకున్నారు, మేము రెండు వాక్యాల్లో ముగిస్తాం. 2008 నుంచి బీచ్‌లో మద్యం నిషేధం కాబట్టి గుంపంతా ఇంటి డాబా మీదికి చేరుతుంది, పోలీసుల పార్టీ ఇళ్ళ జాబితాలో పేరెక్కితే ఆ తర్వాత మర్యాదగా తలుపు తట్టి చెప్పే హెచ్చరికలు ఉండవు, నేరుగా జరిమానా టికెట్టే. పక్కింట్లో డెబ్బై ఏళ్ళ పెద్దాయన ఉంటే దిగిన వారంలోనే ఓ ఫోన్ నంబరు, ఓ డబ్బా మైసూర్‌పాక్ ఇచ్చి రావడం అన్ని చట్టాల కన్నా బాగా పనిచేస్తుంది.

ఇక డిపాజిట్. ఈ ఊరి పేరు సంత్ డియేగోది. పదిహేనో శతాబ్దపు ఫ్రాన్సిస్కన్ సహోదరుడు, రోగులకి సేవ చేసినవాడు, ఆల్కలా మఠంలో కన్నుమూశాడు, సొంతమంటూ ఏమీ ఉంచుకోనని వ్రతం పట్టినవాడు. ఆయన పేరున్న ఊళ్ళో తమరు మమ్మల్ని కూడా ఆ వ్రతంలోకే దింపుతున్నారు. 2024 జూలై 1 నుంచి కాలిఫోర్నియాలో డిపాజిట్ ఒక నెల అద్దెకి మించకూడదు. రెండు ఆస్తులు, వాటిలో మొత్తం నాలుగు ఇళ్ళు మించని చిన్న యజమానికి మాత్రం రెండు నెలల దాకా వెసులుబాటు. ఖాళీ చేశాక 21 రోజుల్లో లెక్క చెప్పి మిగిలింది ఇవ్వాలి. కోత 125 డాలర్లు దాటితే రశీదులు చూపాలి. మామూలు వాడకంలో అరిగినదానికి కోత లేదు. ఖాళీ చేసే ముందు రెండు వారాల్లో ‘ఒకసారి వచ్చి చూసి ఏం బాగుచెయ్యాలో చెప్పండి’ అని అడిగే హక్కు ఉంది. అడిగేవాళ్ళు తక్కువ, ఆ వారాల్లోనే పరీక్షలు కాబట్టి. 2025 నుంచి యజమానులు కూడా ఫొటోలు తియ్యాలి. అయినా మన ఫొటోలు మనకుండాలి: దిగిన రోజే పొయ్యి లోపల, పరుపు అడుగు, కిటికీ గాడి, తెల్ల సోఫా నాలుగు వైపులా.

అన్నీ సవ్యంగా జరిగినా చివర్లో తమరు ఒక చమత్కారం చేస్తారు. ఆరుగురి పేర్లూ వేసి ఒకే చెక్కు పంపుతారు. బ్యాంకువాడు ఆరు సంతకాలూ కావాలంటాడు. అప్పటికి ఆరుగురూ ఆరు ఊళ్ళలో. చెక్కు ఎవరి పేరున, ఏ అడ్రసుకి రావాలో అందరూ సంతకం పెట్టిన కాగితం ఖాళీ చేసే ముందే ఇచ్చుకుంటే ఈ తీర్థయాత్ర తప్పుతుంది. లేదంటే పోయిన వస్తువులు దొరికించే పదువా అంతోని వారే గతి. క్యాంపస్‌లో ఆయన పేరున ఒక హాస్టల్ కూడా ఉంది, శాన్ ఆంటోనియో ది పాదువా. గుణదల వైపు నుంచి వచ్చినవాళ్ళకి నవదిన ప్రార్థనలు అలవాటే. తొమ్మిది నెలల పాపానికి తొమ్మిది రోజుల ప్రార్థన, లెక్క కుదిరింది.

మా విన్నపం మన్నించి, వచ్చే ఏడైనా జనవరి నెలకి ఒక తండ్రిని చూపిస్తారని ఆశిస్తూ,

ఇట్లు
తమ విధేయులు,
రబీ పంట

తా.క.: వచ్చే సెప్టెంబరుకి కావలసిన ఆరు పేర్లలో ఐదు సిరాతో రాయడం అయిపోయింది. ఆరోవాడు రోమ్‌కి అప్లికేషన్ పెట్టాడట, కబురు ఫిబ్రవరిలో తెలుస్తుంది. అతని పేరు పెన్సిలుతో రాస్తే తమరికి అభ్యంతరమా?